బురదగుంటలో క్వాంటమ్ కంప్యూటర్

జీవం ఎలా పుట్టిందన్న చిక్కుముడి వీడిపోయింది. ప్రయోగశాలలకు తాళాలు వేసుకోవచ్చు. ఈ మధ్య ఏ వేదిక ఎక్కిన వక్త అయినా మూడో నిమిషంలో తేల్చేస్తున్నాడు: విశ్వమే ఒక క్వాంటమ్ కంప్యూటర్ (పరమాణువుల లోకపు వింత నియమాలతో లెక్కలు చేసే యంత్రం), అది కోటానుకోట్ల అణువుల అమరికలను ఒక్కసారిగా పరీక్షించి జీవాన్ని ఎంచుకుందట. చప్పట్లు. శాలువా.

నేను వినయంగా నమ్మి, ఆ శుభకార్యాన్ని కళ్లముందు ఊహించుకున్నాను. సుమారు 400 కోట్ల ఏళ్ల క్రితం, పొగలు కక్కే ఒక బురదగుంట. అలాంటి కంప్యూటర్ చిప్పు పనిచేయాలంటే మైనస్ 273 డిగ్రీల దరిదాపులకు చల్లబరచాలి కాబట్టి, పక్కనే అగ్నిపర్వతం ఉన్నా లెక్కచేయక, ఒక బ్రహ్మాండమైన శీతలయంత్రం వేలాడుతోంది. కరెంటుకు మెరుపులున్నాయి, కోతలు తప్పవు. మీథేన్, అమ్మోనియా ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాయి. ప్రారంభోత్సవానికి కొబ్బరికాయ కొడదామంటే చెట్టే ఇంకా పుట్టలేదు. "ఎవరూ కదలవద్దు, క్యూబిట్, అంటే క్వాంటమ్ లెక్కను మోసే అతి చిన్న గడి, చెదిరిపోతుంది" అని అధ్యక్షులవారు హెచ్చరిస్తుండగా ఒక నీటి అణువు తుమ్మింది. లెక్క మొత్తం పోయింది. మళ్లీ మొదటినుంచి. వాయిదాల మీద వాయిదాలు. జీవం పుట్టడం ఆలస్యమైందంటే అవదూ మరి!

ఇంతకీ "ఒక్కసారిగా" అన్న మాటే అబద్ధం. 1996లో లవ్ గ్రోవర్ కనిపెట్టిన క్వాంటమ్ వెతుకులాట పద్ధతి ప్రకారం పది లక్షల పెట్టెల్లో ఒకటి పట్టుకోవాలంటే దాదాపు 785 అడుగులు పడతాయి. గొప్ప ఆదా, మంత్రం కాదు. ఆ పద్ధతిలో ఒక్కో అడుగూ ఒక ప్రశ్నే; ఒక్క ప్రశ్నతో నాలుగింటిలో ఒకటి, మూడు ప్రశ్నలతో సుమారు ఇరవయ్యింటిలో ఒకటి దొరుకుతాయి. డీఎన్ఏ అక్షరాలు 4, మూడేసి అక్షరాలు కలిసి సూచించే అమైనో ఆమ్లాలు (ప్రోటీన్లకు ఇటుకలు) 20. ఈ పొందికను బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)కి చెందిన అపూర్వ పటేల్ 2001లో అచ్చువేసి చూపారు. ప్రయోగంలో ఇంతవరకు రుజువు కాలేదు, కాకపోవచ్చు కూడా. కానీ అంకెలు బల్లమీద పెట్టారు, తప్పని తేల్చే దారి వదిలారు. మన వక్త ఏ అంకె పెట్టాడు?

రసాయన బంధాలన్నీ క్వాంటమ్ నియమాల మీదే నడుస్తాయని ఆయన ఎదురు వాదిస్తాడు. నిజమే. ఆ లెక్కన ఇడ్లీ ఉడకడమూ క్వాంటమే. పిండి ఎందుకు పులిసిందో మాత్రం అలా తెలియదు.

1952లో షికాగోలో స్టాన్లీ మిల్లర్ అనే ఇరవై రెండేళ్ల విద్యార్థి నీళ్లు మరిగించి, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ కలిపి, రోజుల తరబడి విద్యుత్ మెరుపులు పుట్టించి చూస్తే గ్లైసిన్ వంటి అమైనో ఆమ్లాలు వచ్చాయి. అంతకుమించి జీవం ఏమీ రాలేదు, వచ్చిందని అతను చెప్పనూ లేదు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లుగా ఎందరో డీఎన్ఏకు చుట్టమైన ఆర్‌ఎన్‌ఏ ముక్కలు కలవక, కలిసినవి నిలవక తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. జీవితంలో ఒక్క గాజు ఫ్లాస్కు కడగనివాడు వచ్చి వాళ్ల చెమటను ఒక్క మాటతో తుడిచి పారేస్తాడా? "ఇంకా తెలియదు" అని పిల్లలకు చెప్పడానికి నోరు రాదా? తెలియని రెండింటిని ముడివేసి తెలిసిందని అమ్ముకోవడం మోసం. దానికి వేరే పేరు లేదు.

ఏ అణువు? ఎంత వేడి? క్యూబిట్ ఎంతసేపు నిలిచింది? మైకు అడిగాను. ప్రశ్నలకు సమయం లేదట. ఆయన పుస్తకం మాత్రం గుమ్మం దగ్గర బల్లమీద ఉందట, సంతకంతో సహా.