పిల్లనిమ్మంటే ఇన్ని ఆరాలా?

కుక్కపిల్లల వ్యాపారంలో కొందరు కస్టమర్లను ఎంతగా సతాయిస్తున్నారో ప్రభుత్వం దృష్టికి తీసుకురాక తప్పడం లేదు. డబ్బు సిద్ధం చేసుకుని, లాబ్రడార్ పిల్ల కావాలని ఫోన్ చేస్తే ఆ పెద్దమనిషి రేటు చెప్పడు. "పగలు ఇంట్లో ఎవరుంటారండీ? సొంతిల్లా, అద్దెదా? అద్దెదైతే ఓనరు ఒప్పుకున్నారా? ఇదివరకు కుక్కను పెంచారా, అదిప్పుడు ఎక్కడుంది?" అని మొదలెడతాడు. పండక్కి ఊరెళ్తే ఎవరికి అప్పజెబుతారని కూడా అడుగుతాడు. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం అడగడానికైనా కాస్త మొహమాటపడతారు, ఇతనికి అదీ లేదు. అంతా విని చివరికి, "ఇప్పుడు పిల్లలు లేవండీ. మా ఆడకుక్క దసరా తర్వాత ఎదకు రావచ్చు, అప్పుడు చూద్దాం" అంటాడు. ఇలా వ్యాపారం చేస్తే దేశం బాగుపడుతుందా?

రెండో నంబరుకు చేసి చూడండి, మర్యాద అంటే ఏమిటో తెలుస్తుంది. "చెప్పన్నా, ఏ బ్రీడ్? లాబ్, రాట్‌వీలర్, షిట్జూ, బీగిల్, హస్కీ, పామ్, పగ్, గోల్డెన్... అన్నీ రెడీ స్టాక్. సాయంత్రానికి డెలివరీ."

ఈ రెడీ స్టాక్ వెనకున్న కృషిని మనం గుర్తించడం లేదు. ఒక్కసారి లెక్క వేద్దాం. ఏ రోజు అడిగినా 8 నుంచి 10 వారాల పిల్ల చేతిలో పెట్టాలంటే, 2 వారాలకొక తల్లి ఈనుతూ ఉండాలి. అంటే ఏడాదికి 26 ఈతలు. జంతు హింస నివారణ చట్టం కింద 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఒక ఆడకుక్కకు 12 నెలల్లో ఒక్క ఈతే. కాబట్టి ఒక్కో జాతికి 26 తల్లులు కావాలి, 8 జాతులకు 208. ఇంత సంస్థను ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి వాట్సాప్‌లో పంపే ఫోటోలో మాత్రం ఒక సోఫా, దాని మీద ఎర్ర రిబ్బన్ కట్టిన పిల్ల, వెనకాల పెచ్చులూడిన గోడ, అంతే. 208 తల్లులు లేకపోతే మిగిలేవి రెండే దారులు. ఉన్న తల్లికి ఎదకొచ్చిన ప్రతిసారీ క్రాసింగ్ చేయించాలి, లేదా ఎక్కడో పుట్టిన పిల్లల్ని బుట్టల్లో తెచ్చి అమ్మాలి. రెండూ కలిపి చేసే కార్యశూరులకూ కొదవ లేదు.

ఆ నిబంధనల్లో ఇంకా చాలా గొంతెమ్మ కోరికలున్నాయి. తల్లికి 18 నెలలు నిండాలట, 8 ఏళ్లు దాటకూడదట, జన్మలో 5 ఈతలు మించకూడదట. అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టరై ఉండాలట. మొదటి రకం మనిషి ఆ కాగితం మీరు అడగకుండానే చూపించి విసిగిస్తాడు. రెండో రకాన్ని అడిగితే, "అన్నా, నువ్వు కొనేవాడివేనా?" అంటాడు. న్యాయమైన ప్రశ్నే.

ఇక పిల్లను చూసే ఘట్టం. మొదటివాడు ఇంటికే రమ్మంటాడు. చెప్పులు బయట విప్పిస్తాడు, చేతులు సబ్బుతో కడిగిస్తాడు, అదే రోజు ఇంకో చోట పిల్లల్ని చూసొచ్చామంటే గుమ్మంలోంచే వెనక్కి పంపుతాడు. ఇంత చేసి చూపించే తల్లి ఎలా ఉంటుంది? బక్కచిక్కి, బొచ్చు రాలిపోయి, చన్నులు వేలాడుతూ ఉంటుంది. రెండు నెలలు పాలిచ్చిన కుక్క అలాగే ఉంటుందని మళ్లీ మనకే పాఠం. రెండోవాడికి సౌందర్య దృష్టి ఎక్కువ. తల్లి ఫోటో అడిగితే నిగనిగలాడే కుక్కను పంపుతాడు. దాని పొట్ట కింద చూస్తే పాలిచ్చిన ఆనవాలే ఉండదు. ఇంటికొస్తామంటే "మదర్‌కు ఇన్ఫెక్షన్ వస్తుందన్నా" అని ఆపి, మెట్రో పిల్లర్ నంబరు చెప్పి అక్కడికి రమ్మంటాడు. అట్టపెట్టెలో పిల్ల, ఫోన్‌లో క్యూఆర్ కోడ్, పది నిమిషాల్లో పని పూర్తి.

వయసు విషయంలోనూ అతనిది ఏకసూత్రం. ఎప్పుడడిగినా 45 రోజులే. పిల్లను అమ్మడానికి చట్టం చెప్పే కనీస వయసు 8 వారాలంటే 56 రోజులు కదా అని వాదించే మొండివాళ్లు పిల్ల నోరు తెరిచి చూస్తారు. 8 వారాలకు పాలపళ్లు మొత్తం, అంటే 28, వచ్చేసి ఉండాలి. వేలు పెట్టి వెనక చిగురు తడిమితే దవడపళ్లు తగలాలి. ముందుపళ్లు అప్పుడే సూదిమొనల్లా పొడుస్తూ, వెనకంతా మెత్తగా బోసిగా ఉంటే దానికి నెల దాటి ఎక్కువ రోజులు కాలేదన్నమాట. అంత త్వరగా తల్లినీ తోబుట్టువులనీ వదిలిన పిల్లకు ఎంత గట్టిగా కొరకవచ్చో నేర్పినవాళ్లుండరు. ఆ చదువు తర్వాత మీ పిల్లల చేతుల మీద సాగుతుంది.

టీకాల పుస్తకం మరో కళాఖండం. మొదటివాడి పుస్తకంలో సీసా మీంచి ఊడదీసిన స్టిక్కరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, సంతకం కింద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. పైగా, "ఇది మొదటి డోసేనండీ. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకాను పనిచేయనివ్వవు, అందుకే 16 వారాలు నిండేదాకా 3, 4 వారాలకోసారి వేయిస్తూ ఉండాలి" అని మన ఖర్చు పెంచుతాడు. రెండోవాడు దయామయుడు. 45 రోజుల పిల్లకే "ఫుల్ వ్యాక్సినేషన్ అయిపోయిందన్నా" అంటాడు. స్టిక్కర్లుండవు, తేదీలన్నీ ఒకే పెన్నుతో ఒకే రోజు రాసినట్టుంటాయి. సాధారణంగా 12 వారాలకు వేసే రేబిస్ టీకా కూడా అందులో ఉందంటే ఆ పుస్తకాన్ని ఫ్రేమ్ కట్టించుకోవచ్చు.

అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది అతని గ్యారంటీ. 3 రోజులు. ఈ అంకె గాల్లోంచి ఊడిపడలేదు. కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే పార్వో వైరస్ సోకాక లక్షణాలు బయటపడడానికి మామూలుగా 4 నుంచి 7 రోజులు పడుతుంది. అయిదో రోజు పిల్ల తిండి మానేసి, వాంతులై, రక్త విరేచనాలు మొదలయ్యేసరికి గ్యారంటీ గడువు ముగిసి రెండు రోజులైంది. "మా దగ్గర మస్తుగుండె అన్నా, నువ్వే పాలు పోసినట్టున్నవ్" అన్న తీర్పు వెంటనే వస్తుంది. ఆ పిల్ల పోతే ఇల్లంతా ఫినాయిల్‌తో తుడిచి ఇంకో పిల్లను తెచ్చేవాళ్లు అతనికి మంచి కస్టమర్లు, ఎందుకంటే పార్వో ఫినాయిల్‌కు లొంగదు, నెలల తరబడి నేలలోనే ఉంటుంది. మార్కెట్లో దొరికే ద్రవ బ్లీచ్ ఒక వంతుకు 30 వంతుల నీళ్లు కలిపి, ముందు మలం మురికి కడిగేశాక, 10 నిమిషాలు నాననివ్వాలి. మట్టి నేలకైతే అదీ చాలదు. డబ్బు కోసం 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. కాకపోతే అవతలి వ్యక్తి పేరు అడుగుతారు.

కాగితాల సంగతి: "కేసీఐ పేపర్‌తో అయితే ఇంకో 5 వేలు." ఒకే ఈతలో పుట్టిన పిల్లలకు కాగితం ఐచ్ఛికం ఎలా అవుతుందని అడగకూడదు. కేసీఐ, అంటే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా, ఇచ్చే సర్టిఫికెట్ వంశం చెబుతుంది, ఆరోగ్యం కాదు. దాని మీదున్న 15 అంకెల మైక్రోచిప్ నంబరు, పిల్ల చర్మం కింద ఆ చిప్ పెట్టిన చోట, భుజాల మధ్య, స్కానరు పెడితే వచ్చే నంబరుతో కలవాలి. కలవకపోతే అది వేరెవరి జాతకమో. మొదటివాడు ఇంతటితో ఊరుకోడు, తల్లిదండ్రులిద్దరి తుంటి, మోచేతి ఎక్స్‌రేల గ్రేడులు కూడా బల్ల మీద పరుస్తాడు. లాబ్రడార్‌కు తుంటి కీలు వదులైతే ఆ కుంటితనం చాలాసార్లు ఏడాది లోపే బయటపడుతుంది మరి. "ఇంపోర్టెడ్ లైన్", అంటే విదేశీ వంశం, అనే మాటకు మాత్రం ఎక్స్‌రే అక్కర్లేదు. వ్యాపారం కోసం కుక్కల దిగుమతిని కేంద్రం 2016లోనే ఆపేసిందన్న చిన్న విషయం మర్చిపోతే చాలు.

చిన్న కుక్కలు కోరేవారికి ప్రత్యేక సలహా ఉంటుంది: "తక్కువ పెట్టన్నా, పాకెట్ సైజులోనే ఉంటది." బొమ్మలాంటి జాతుల పిల్లలకు రోజుకు 4 సార్లు తిండి పడకపోతే రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోతాయి. సైజు పెరగకుండా చూడడమే లక్ష్యమైతే, ఆ సలహాలో తప్పేమీ లేదు.

ఇంత సుఖం ఉండగా కొందరు మొదటివాడి దగ్గరే పడిగాపులు పడతారు. నెలల తర్వాత పిల్లనిస్తూ ఒప్పందం రాయిస్తాడు. ఎప్పుడైనా పెంచలేకపోతే బయట ఇవ్వకూడదు, ఎన్నేళ్లకైనా తనకే తిరిగివ్వాలట. వారానికి సరిపడా పాత ఫీడ్ కట్టిచ్చి, కొత్తది రోజుకింత కలుపుతూ 7 రోజుల్లో మార్చమంటాడు. అక్కడితోనైనా వదులుతాడా? మూడో రోజు తనే ఫోన్ చేసి, విరేచనం గట్టిగా అవుతోందా, ఏ రంగులో ఉందని ఆరా తీస్తాడు. భోజనాల వేళని కూడా చూడడు.