చీరమేను గారెలు నాకొద్దు

పొద్దున మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. యానాంలో కొన్న చీరమేను, ఆ సన్న సన్న చేపలు, స్టీలు బకెట్టు నిండా. కింద మా మామయ్య రాసిన మాట: "ఈ ఏడాది మొదటి మేను, అల్లుడుగారి కోసం. సాయంత్రం గారెలు. అందరూ రండి." ఇక వరసగా దండాలు, చప్పట్లు. హైదరాబాదులో ఉన్నవాళ్ళు, డల్లాస్‌లో ఉన్నవాళ్ళు కూడా "మా వాటా ఏదీ" అని గోల.

నేను ఒక్క మాట రాశాను. "మామయ్యా, ఆ బకెట్టులో ఉన్నవన్నీ పసిగుడ్లు. ఇంకెప్పుడూ కొనకండి."

అంతే. గంట తిరక్కుండా నలభై మెసేజీలు. పండగపూట అపశకునం మాటలేంటని ఒకరు. తాతల కాలం నించీ తింటున్నాం, ఇప్పుడు నీకేమొచ్చిందని ఇంకొకరు. "చీర అమ్ముకునైనా చీరమేను తినాలన్నారు పెద్దలు" అని మా బావ. ఆ సామెత ఎప్పుడు విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. పులసకైతే పుస్తెలమ్మాలి, చీరమేనుకైతే చీరమ్మాలి. ఎవరి పుస్తెలు? ఎవరి చీర? తినేవాడి నాలుక కోసం ప్రతిసారీ ఇంటి ఆడమనిషి ఒంటిమీదిదే ఎందుకు అమ్మాలి? పంచె అమ్మమని ఒక్క పెద్దాయనా చెప్పలేదే! సరే, అది వేరే కథ. దాని గురించి ఇంకో రోజు రాస్తాను.

అసలు చీరమేను అంటే ఏమిటో మా గ్రూపులో ఎవరికీ పట్టదు. అదేదో ఒక జాతి చేప, అంతకంటే ఎదగదు అనుకుంటారు. నెత్తళ్ళలాగా పుట్టుకతోనే చిన్నదనుకుంటారు. కాదండీ. అవి రకరకాల చేపల పిల్లలు. దసరా వెళ్ళాక, కార్తీకంలో తూర్పుగాలి తిరిగి చలి మొదలయ్యేసరికి గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. ఏ వలకీ చిక్కనంత సన్నం కాబట్టి వెనకటికి చీరలతో పట్టేవారు, ఆ పేరు అలాగే వచ్చింది. ఇప్పుడు దోమతెర లాంటి వలలు. బకెట్టులో ఏ పిల్ల ఏ చేపదో మామయ్యకి తెలియదు. అమ్మినావిడకీ తెలియదు. ఆ వయసులో చూసి చెప్పడం చదువుకున్నవాళ్ళకే కష్టం. తెలియకుండానే సేర్లతో కొలిచి, అల్లం పచ్చిమిర్చి కలిపి, గారెలు వేసేస్తాం.

"సముద్రంలో చేప లక్షల గుడ్లు పెడుతుంది, ఒక బకెట్టు పోతే ఏమైంది" అంది మా పిన్ని. ఈ మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ కోసింది, ఎందుకంటే సగం నిజం. పెడుతుంది పిన్నీ, లక్షల్లోనే పెడుతుంది. ఎందుకు పెడుతుందో ఎప్పుడైనా ఆలోచించావా? ఆ లక్షల్లో మిగిలేది గుప్పెడే కాబట్టి.

టైగర్ రొయ్యనే తీసుకోండి, మన గోదావరి జిల్లాలకి అన్నం పెట్టిన రొయ్య. తల్లి సముద్రంలో గుడ్లు వదులుతుంది. 12 నుంచి 15 గంటల్లో గుడ్డు పగిలి కంటికి ఆనని నలుసు బయటికొస్తుంది. రెండు మూడు వారాల్లో ఎన్నిసార్లు కుబుసం విడుస్తుందో, ఎన్ని రూపాలు మారుతుందో. ఆ రోజులన్నీ నీళ్ళు ఎటు లాగితే అటు పోవడమే. అక్టోబరు దాటితే మన తీరం వెంట ప్రవాహం దక్షిణం వైపు తిరుగుతుంది, వేసవి ముందు ఉత్తరం వైపు. ఎక్కడ పుట్టిన పిల్ల ఎక్కడ తేలుతుందో చెప్పలేం. దారిపొడవునా నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. అన్నీ దాటి రొయ్య రూపం వచ్చాక అది మొగ వెతుక్కుంటుంది. అక్కడ చూడాలి దాని తెలివి! పోటు వచ్చేటప్పుడు పైకి తేలి నీళ్ళతో పాటు లోపలికి వస్తుంది. పాటు తీసేటప్పుడు అడుగుకి దిగి బురదని కరుచుకుంటుంది, మళ్ళీ సముద్రంలోకి కొట్టుకుపోకుండా. అలా పోటు పోటుకీ కొంచెం కొంచెం లోపలికి, కాకినాడ పక్కన కోరంగి పాయల్లోకి, మడ చెట్ల వేళ్ళ మధ్యకి చేరుతుంది. ఆ వేళ్ళ సందుల్లోకి పెద్ద చేప దూరలేదు. నీళ్ళు బురదగా ఉంటాయి కాబట్టి దూరం నించి ఎవరికీ కనపడదు. రాలిన ఆకు కుళ్ళి తిండి అవుతుంది. నెలల తరబడి అక్కడ పెరిగి, ఒళ్ళు చేసి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ సముద్రానికి పోతుంది. మండపీతదీ ఇదే బతుకు. పండుగప్ప చేప కూడా మొగల దగ్గర పుట్టి, పిల్లప్పుడు ఈ ఉప్పు కాలవల్లోనే దాక్కుంటుంది.

అంటే మొగ దాకా వచ్చిన పిల్ల లక్షల్లో ఒకటి కాదు పిన్నీ, లక్ష చస్తే మిగిలిన ఒకటి. సముద్రమంతా ఈది వచ్చి ఇంటి గుమ్మంలో కాలు పెట్టబోతుంటే, అక్కడ చీర పట్టుకుని నిలబడి ఉన్నాం మనం.

ఇదే మామయ్య ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఏడుస్తాడు. మంచి పండుగప్ప దొరకట్లేదురా, చందువలు అరచేయంత కూడా ఉండట్లేదురా, మా చిన్నప్పుడు మాగ చేపని ఇద్దరు మోసేవారురా అని. ఎక్కణ్ణించి వస్తాయి మామయ్యా? పెద్ద చేపలు ఆకాశం నించి రాలవు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. మంచిదే. ఆ రెండు నెలలు మత్స్యకారులు పస్తులుండి తల్లుల్ని కాపాడతారు. కార్తీకం వచ్చేసరికి మనం పిల్లల్ని వేయించుకుని తింటాం. కేరళలో 58 రకాలకి ఇంత పొడవు కంటే చిన్నది పట్టకూడదని కొలత పెట్టారు. మనకి మాత్రం పిల్ల ఎంత చిన్నదైతే అంత మోజు, అంత ధర.

ఇంతలో గ్రూపులో మా కజిన్ ఒకడు నా పక్షం అనుకుని "ఆ జాలర్లని పట్టుకుని లోపలేస్తే సరి" అని రాశాడు. వాడి మీద నాకు మామయ్య మీద కంటే ఎక్కువ కోపం వచ్చింది. చలిలో, తెల్లారకముందే నడుములోతు నీళ్ళలో నిలబడేది ఎవరో వాడికి తెలుసా? ఏడాదంతా అప్పుల్లో ఉండి, నెల రోజులు చేతినిండా డబ్బు కనపడే పని అదొక్కటే అయితే మానమని వాళ్ళకి చెప్పే నోరు నాకు లేదు. ఆ డబ్బు ఇచ్చేది మనం. కొనేవాడు లేకపోతే ఆ చీర ఎవరూ ముంచరు. వలలు ఏసీ గదుల్లో ఉన్నాయి, రేవులో కాదు.

అసలు ఆ మాటకొస్తే పిల్లల ఇళ్ళు కూల్చింది జాలర్లా?

మా అమ్మమ్మగారి ఊరు కోరంగి పక్కనే. ఊరి చివర ఒక ఉప్పుకాలవ ఉండేది, రెండు పక్కలా మడ, తిల్ల చెట్లు. తొంభైల్లో టైగర్ రొయ్య వెర్రి మొదలైనప్పుడు సీడు కోసం, అంటే చెరువుల్లో వేసే రొయ్యపిల్లల కోసం, మా ఈడు పిల్లలందరం ఆ కాలవలో దిగేవాళ్ళం. నేనూ దిగాను. చిన్న వల తోసుకుంటూ పోయి, వచ్చింది సత్తు గిన్నెలో పోసి, ఆల్చిప్పతో ఒక్కో పిల్లనీ ఏరేవాళ్ళం. పొట్ట కింద ముదురు గీత ఉంటే టైగర్, దానికి లెక్కన డబ్బులు. మిగతావన్నీ గట్టుమీద పారబోసేవాళ్ళం. తెల్ల రొయ్య పిల్లలు, పీత పిల్లలు, పేరు తెలియని చేపపిల్లలు. ఎండలో కాసేపు ఎగిరేవి, తరవాత ఎగిరేవి కావు. నాకు పదేళ్ళు. ఇప్పటికీ ఆ గట్టు నా కళ్ళలోంచి పోలేదు. అందుకే ఆ బకెట్టు ఫొటో చూసి ఊరుకోలేకపోయాను.

ఆ కాలవ ఇప్పుడు లేదు. అడ్డుకట్ట వేసి రొయ్యల చెరువు తవ్వారు. తవ్వించినవాళ్ళలో ఈ మామయ్య కూడా ఉన్నాడు, గ్రూపులో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం వెంట రొయ్యల చెరువుల మీద తీర్పు ఇచ్చిన రోజు ఇంట్లో శోకాలు పెట్టడం నాకు గుర్తుంది. అప్పటికే రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువు ఎండిపోయింది, పెట్టుబడి మునిగింది. కాలవ మాత్రం తిరిగి రాలేదు. అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ "ఆ కాలవలో చెయ్యి పెడితే కూర దొరికేది" అంటూనే పోయింది.

కోరంగిలో 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది, 1978 నుంచీ ఉంది. బోటెక్కి, చెక్కబాట మీద నడిచి, ఫొటోలు దిగి వస్తాం. దాని పొరుగునే కాకినాడ దుమ్ములపేట దగ్గర 2020లో ఇళ్ళ స్థలాల కోసమని మడ కొట్టి మట్టి పోస్తే, గొడవ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఆ రోజుల్లో ఇదే గ్రూపులో నేను ఆ వార్త పెడితే ఒక్కరంటే ఒక్కరు మాట్లాడలేదు. ఈ రోజు బకెట్టుకి నలభై మెసేజీలు.

ఇది రాస్తుండగా అక్క ఫోన్ చేసింది. మామయ్య చిన్నబుచ్చుకున్నాడట, గారెలు వేడి వేడిగా తీస్తున్నారట, నన్ను రమ్మంటున్నాడట. మామయ్య అంటే నాకు ప్రాణం, అది ఆయనకీ తెలుసు. వస్తాను, పెరుగన్నం తిని వెళ్తాను, ఆ కాలవ సంగతి ఈసారి ఎదురుగా కూర్చుని అడుగుతాను అని చెప్పాను.