మిషను వదిలేసిన పప్పు

పలాస-కాశీబుగ్గలో జీడి కార్ఖానాలున్న ఏ వీధిలోకెళ్లినా ముందు పిక్క తొక్క వాసన పలకరిస్తుంది. లోపల వరుసగా కూర్చున్న ఆడవాళ్ల వేళ్లు చూస్తే వాళ్ల పనేమిటో వేరే చెప్పనక్కర్లేదు. జీడి అంటుకుని చర్మం నల్లబడి, పొక్కి ఉంటుంది. ఆ బాధ తప్పించే మిషన్లను మేము వద్దనం. పిక్క కొట్టేవి, గాలితో పొట్టు ఊడగొట్టేవి, కెమెరాతో రంగు చూసి పప్పు ఏరేవి రావాల్సిందే. అవి వచ్చే తీరు గురించే మా ఆందోళన.

పప్పు మీది పొట్టు ఒలిచే పీలింగ్ పనే తీసుకోండి. ఆరిన పప్పు మీద మిషను గట్టిగా గాలి కొడుతుంది. వదులుగా ఉన్న పొట్టు రాలిపోతుంది. వంపులో అతుక్కున్నది రాలదు. ఆ మొండి పప్పు మళ్లీ చేతికే వస్తుంది. ఇదివరకు గోరు తగిలితే ఊడేదీ, చాకుతో గీకాల్సిందీ కలిసి వచ్చేవి. కిలోకింత అనే కూలి ఆ కలగలుపును బట్టి కట్టినది. సులువైనదంతా మిషను తీసుకుని, కష్టమైనదే గంపలో పడ్డాక కూడా పాత రేటే ఇస్తే, వంచిన మెడ ఎత్తకుండా పనిచేసినా సాయంత్రానికి తూగే కిలోలు తగ్గుతాయి. రేటు తగ్గించామని ఎవరూ అనరు. ఇంటికి చేరే డబ్బు మాత్రం తగ్గిపోతుంది.

ఈ లెక్క ముందే చూసుకోవాల్సింది యజమాని. మిషను అమ్మేవాడు గంటకెన్ని కిలోలో చెబుతాడు. అది వదిలేసే పప్పు సంగతి ఆ వరుసలో కూర్చున్నవాళ్లనే అడగాలి. ఉద్దానం పిక్క, ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చే పిక్క ఒక్కలా ఉండవు. సైజులవారీగా వేరుచేయకుండా పోస్తే పిక్క కొట్టే మిషను బ్లేడు పప్పునే కోస్తుంది. పౌనుకు 300 నుంచి 320 గింజలు తూగే నిండు పప్పు బద్దలైతే ధర ఎంత పడిపోతుందో యజమానులకు మేము చెప్పాలా? ఎంత ఆరితే పొట్టు వదులుతుందో, ఎంత ఆరితే ముట్టుకోగానే విరుగుతుందో ఏళ్ల తరబడి ఒలిచిన వేళ్లకు తెలుసు. మిషను నడపడం ముందు ఆ ఆడవాళ్లకే నేర్పాలి. ఆపరేటర్ అనగానే బయటి నుంచి ఓ కుర్రాణ్ని తెచ్చుకోవడం వాళ్లకు అన్యాయం, కార్ఖానాకూ నష్టం.

కొత్త పద్ధతి వల్ల మనుషుల్ని తగ్గించే పరిస్థితి వస్తుందనుకుంటే 21 రోజుల ముందు నోటీసివ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ నిబంధన ఉంది. మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, పేరే లేని మనిషికి నోటీసు ఎవరిస్తారు? అందుకే ముందు పేర్లు రాయాలి.

మిషను బిగించాక కనీసం వారం రోజులు ట్రయల్ నడపాలి. ఆ వారమంతా పాత సగటు కూలి తగ్గకుండా ఇవ్వాలి. మిషను వదిలిన పప్పు ఒక మనిషి రోజుకు ఎన్ని కిలోలు ఒలవగలదో కార్మికుల ఎదుటే తూచి, దాన్నిబట్టి కొత్త రేటు కట్టాలి. ఆ తూకం రోజున కార్మిక శాఖ అధికారి దగ్గరుండాలి. కట్టిన రేటు కాటా పక్క గోడమీద, అందరికీ కనబడేలా తెలుగులో రాయించాలి.