పేరు రాసుకునేవాడు రాలేదని కౌంటర్ మూసేశారు

సైటు తెరుచుకోకపోతే చాలు, "ఆ యాడ్‌బ్లాకర్ తీసిపారెయ్యండి, సమస్యంతా దానితోనే" అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న ఆఫీసులో మళ్ళీ అదే మాట. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమన్నట్టుంది. అలాగని ఎక్స్‌టెన్షన్లు, అంటే యాడ్‌బ్లాకర్‌లా బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, ఏ పాపమూ ఎరగవని కూడా అనను. అసలు ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. అది ముందు చెప్పేస్తాను.

2023 సంక్రాంతికి తణుకు వెళ్ళినప్పుడు బాబాయి లాప్‌టాప్ చూశాను. ఏ పేజీ తెరిచినా నాలుగు డౌన్‌లోడ్ బటన్లు, అందులో మూడు దొంగవి. సరే పుణ్యం కట్టుకుందామని క్రోమ్‌లో ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్‌బ్లాకర్ వేశాను. అంతటితో ఆగి ఉంటే ఈ పోస్టు రాసే పని ఉండేది కాదు. ఒకటి ఉంటే మంచిదైతే రెండుంటే ఇంకా మంచిది కదా అని, మనం ఏం చూస్తున్నామో కనిపెట్టి రాసుకునే ట్రాకర్లను ఆపే మరొకటి వేశాను. కుకీలకు, అంటే సైట్లు మన బ్రౌజర్‌లో దాచుకునే గుర్తు చీటీలకు, ఒప్పుకోమని అడిగే పెట్టెలను మాయం చేసేది ఇంకొకటి. పోతూపోతూ సెట్టింగుల్లో థర్డ్ పార్టీ కుకీలు (మనం తెరిచిన సైటువి కాక వేరేవాళ్ళు పెట్టేవి) కూడా ఆపేశాను. పిన్ని కాఫీ ఇచ్చింది. బాబాయి పక్కింటాయనను పిలిచి మరీ చూపించాడు, మావాడు కంప్యూటర్ బాగుచేశాడని.

ఏప్రిల్లో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్. తమ్ముడి ఎంట్రన్స్ ఫీజుకు ఆ రోజే ఆఖరు. అర్ధరాత్రితో గడువు అయిపోతుంది.

"ఏరా, సబ్మిట్ కొడితే గిర్రున తిరుగుతూనే ఉంది, ముందుకెళ్ళట్లేదు. నెట్ బానే ఉంది. మీ పిన్ని సీరియల్ చూసేది దాని మీదే."

ఏ సైటో చెప్పను. హెల్ప్‌లైన్ సాయంత్రం అయిదింటికే మూసేశారు. మెయిల్ పెడితే మాత్రం క్షణంలో జవాబు వచ్చింది: క్యాషే, కుకీలు క్లియర్ చేయండి, వేరే బ్రౌజర్‌లో ప్రయత్నించండి. ఏ జబ్బుతో వెళ్ళినా పారాసిటమాల్ చేతిలో పెట్టే మందుల షాపులా ఉంది వ్యవహారం. కుకీలన్నీ తుడిచేస్తే మెయిల్ దగ్గర్నుంచి బ్యాంకు దాకా అన్నిట్లోంచీ బయటపడతాడు. అరవై దాటిన మనిషి రాత్రి పదింటికి ఎన్ని పాస్‌వర్డులు గుర్తుచేసుకోవాలి?

వాట్సాప్ వీడియో కాల్ పెట్టించాను. ఫోన్ కెమెరా లాప్‌టాప్ వైపు, వెనకనుంచి పిన్ని టార్చ్. పేజీ వెనక ఏం జరుగుతోందో చూపించే కిటికీ తెరవడానికి "బాబాయ్, ఎఫ్12 నొక్కండి" అన్నాను. నొక్కితే సౌండ్ పెరిగింది. చాలా లాప్‌టాప్‌లలో అంతే, పై వరస మీటలు సౌండుకీ వెలుతురుకీ ఇచ్చేస్తారు. కంట్రోల్, షిఫ్ట్, ఐ కలిపి నొక్కమంటే తెరుచుకుంది. అందులో తప్పులు నమోదయ్యే కన్సోల్‌లో ఎర్ర గీతల వరస, చివర్లో "బ్లాక్డ్ బై క్లయింట్" అని. ఈ మాట ఒక్కటి గుర్తుపెట్టుకుంటే సగం గొడవ తీరుతుంది. అవతలి సర్వర్ కాదనలేదు, మన బ్రౌజర్‌లో కూర్చున్నదేదో ఆపింది అని దానర్థం. నెట్‌ని తిట్టుకోవడం, రౌటర్ ఆపి పెట్టడం ఇక అనవసరం.

తర్వాత ఇన్‌కాగ్నిటో, అంటే క్రోమ్‌లోని ప్రైవేటు కిటికీ, తెరవమన్నాను. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అందులో పనిచేయవు, పాత కుకీలూ ఉండవు. కాబట్టి అక్కడ సైటు నడిస్తే అనుమానం ఆ రెంటి మీదికే వెళ్ళాలి. ఫొటో, సంతకం మళ్ళీ ఎక్కించాలని బాబాయి విసుక్కున్నాడు. ఎక్కించి సబ్మిట్ కొడితే పేజీ కదిలింది! ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. డబ్బు కట్టే చోట, ఓటీపీ అడగాల్సిన దగ్గర తెల్ల కాగితం.

ఇక్కడ నేను పావుగంట పోగొట్టుకున్నాను. క్రోమ్ ఇన్‌కాగ్నిటోలో థర్డ్ పార్టీ కుకీలు మామూలుగానే ఆగి ఉంటాయి. బ్యాంకు వాళ్ళ ఓటీపీ పేజీ ఆ సైటు పేజీలోపలే చిన్న కిటికీలా తెరుచుకునే రకం. అక్కడ బ్యాంకు మూడో మనిషి కింద లెక్క, దాని కుకీ చెల్లలేదు. ఒక ముడి విప్పాననుకుంటే ఇంకో ముడి పడింది. ఇన్‌కాగ్నిటో రోగం కనిపెట్టడానికి పనికొస్తుంది కానీ, పని పూర్తి చేసుకోవడానికి అదే చోటని నమ్ముకోకూడదు.

మళ్ళీ మామూలు కిటికీకి వచ్చాం. కుకీల తాళం తీసేయించాను. తర్వాత ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటీ ఆపి చూశాం. మూడే కాబట్టి సరిపోయింది. పదో పదిహేనో ఉంటే సగం ఆపి చూడాలి, బాగుపడితే ఆపిన సగంలో వెతకాలి, లేకపోతే మిగతా సగంలో. అలాగైతే నాలుగు ప్రయత్నాల్లో దొంగ దొరుకుతాడు. ఇక్కడ యూబ్లాక్ ఆరిజిన్ ఒక్కటే ఆపితే సైటు తిరుగుతూనే ఉంది. అది తిరిగి పెట్టి రెండోదాన్ని ఆపితే ఠక్కున కదిలింది. పదకొండూ నలభైకి ఫీజు కట్టడం అయింది. బాబాయి పడుకున్నాడు. నాకు నిద్ర పట్టలేదు. రెండూ బ్లాకర్లే, రెండూ ఆ సైటులో వచ్చేపోయేవాళ్ళ లెక్క రాసుకునే స్క్రిప్టునే, అంటే పేజీతో పాటు నడిచే చిన్న ప్రోగ్రామునే, ఆపుతున్నాయి. ఒకటి ఉంటే నడిచి, రెండోది ఉంటే ఆగడమేమిటి?

మర్నాడు కూర్చుని కోడ్ చూస్తే తెలిసింది. కిరాణా కొట్టు అనుకోండి. సరుకులు తీసుకుని డబ్బు కట్టడానికి కౌంటర్ దగ్గరికి వెళ్ళారు. గుమ్మం దగ్గర ఒకడు వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటుంటాడు. "రాసుకున్నాను" అని వాడు కేకేస్తే తప్ప ఓనరు డబ్బు తీసుకోడు. ఆ పేర్లు రాసుకునేవాడే ట్రాకింగ్ స్క్రిప్టు. సబ్మిట్ నొక్కగానే పేజీ ముందు ఆ స్క్రిప్టుకు "ఈయన బటన్ నొక్కాడు, రాసుకో" అని చెబుతుంది. అది సరేనన్నాకే ఫారం పంపుతుంది. స్క్రిప్టు బ్లాక్ అయితే సరేననేవాడు లేడు. ఎదురుచూపులే ఎదురుచూపులు, గిర్రున తిరగడమే.

యూబ్లాక్ ఆరిజిన్ రాసిన రేమండ్ హిల్‌కు ఈ సంగతి తెలుసు. అందుకే అది ఇలాంటి స్క్రిప్టులు కొన్నిటిని ఊరికే ఆపి వదిలేయదు. వాటి స్థానంలో ఒక డమ్మీని నిలబెడుతుంది. వాడు ఏమీ రాయడు, కాగితం కూడా ఉండదు, కానీ అడగ్గానే "రాసుకున్నాను, కానీండి" అంటాడు. కొట్టు నడుస్తుంది, మన పేరు ఎక్కడికీ పోదు. నేను ఒకటికి రెండని వేసిన ఆ రెండోది ఏం చేసిందంటే, ఆ డమ్మీని కూడా గుమ్మంలోంచి గెంటేసింది. ఒకే రిక్వెస్టు మీద ఒక ఎక్స్‌టెన్షన్ డమ్మీ వైపు దారి మళ్ళించమని, ఇంకొకటి ఆపేయమని అంటే క్రోమ్‌లో ఆపేయడమే నెగ్గుతుంది. ఒకే పని చేసే బ్లాకర్లు రెండు పెట్టుకోవద్దని తెలిసినవాళ్ళు చెప్పేది ఇందుకే. నేనేమో పొదుపుగా ఉండాల్సిన చోట దానకర్ణుడినయ్యాను.

నా తప్పు ఇంతవరకు. ఇప్పుడు సైటు వాళ్ళ సంగతి.

ఆ స్క్రిప్టు గూగుల్ వాళ్ళ పాత అనలిటిక్స్‌ది, అంటే సైటుకు వచ్చేవాళ్ళను లెక్కపెట్టే సేవది. డెవలపర్ల కోసం గూగుల్ రాసిపెట్టిన పేజీలోనే ఈ ప్రమాదం గురించి ఉంది. ఏ కారణం చేతనైనా స్క్రిప్టు లోడ్ కాకపోతే ఫారం ఎప్పటికీ వెళ్ళదు, కాబట్టి ఒక టైమౌట్ పెట్టుకోండి అని, నమూనా కోడ్ కూడా ఇచ్చారు. ఒక్క సెకను చూసి, జవాబు రాకపోతే ముందుకెళ్ళిపోవడమే. పదో పన్నెండో లైన్ల పని, అంతే. అది కాపీ చేసి పెట్టుకునే ఓపిక కూడా లేనివాళ్ళు లక్షలమంది పిల్లల దగ్గర ఫీజులు వసూలు చేస్తున్నారు. పైగా జవాబుల్లో మనకే సుద్దులు, బ్రౌజర్ మార్చుకోండి, అవి తీసేయండి, ఇవి తుడిచేయండి అని. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ అయితే 2021 మార్చిలో వచ్చిన 87వ వెర్షన్ నుంచి ఈ డమ్మీలను ప్రైవేటు కిటికీల్లో తనే నిలబెట్టింది. వీళ్ళు చేయాల్సిన మరమ్మతు బ్రౌజర్ వాళ్ళు చేసిపెడుతున్నారన్నమాట.

అసలు ఫీజు కట్టే ఫారంలో ఎవడో మూడోవాడు ఎందుకు? ఎంతమంది వచ్చారో తెలుసుకోవాలంటే సర్వర్ తనే రాసుకునే లాగులు (రాకపోకల చిట్టాలు) ఉంటాయి. కట్టిన ఫీజుల లెక్క ఉండనే ఉంటుంది.

బ్లాకర్లు తెలివితేటలు ఎక్కువైనవాళ్ళ సరదా అనేవాళ్ళకు ఒక మాట. 2022 డిసెంబర్లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, వెతుకులాట ఫలితాల్లో దొంగ ప్రకటనలు పెట్టి మోసం చేస్తున్నారని హెచ్చరిస్తూ, యాడ్ బ్లాకింగ్ ఎక్స్‌టెన్షన్ వాడమని జనానికి సలహా ఇచ్చింది. కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికి, పైన కనిపించిన నకిలీ నంబరుకు ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకునేవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. బాబాయి లాంటి మనిషికే అది ఎక్కువ అవసరం.

ఇప్పుడు క్రోమ్‌లో ఆ పాత యూబ్లాక్ ఆరిజిన్ లేదు. గూగుల్ వాళ్ళు ఎక్స్‌టెన్షన్లకు మానిఫెస్ట్ వీ3 అని కొత్త పద్ధతి తెచ్చి, 2024 నుంచి పాత రకం ఎక్స్‌టెన్షన్లను ఆపుకుంటూ వచ్చారు. యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అని తేలికపాటిది ఒకటి దొరుకుతుంది, ఫుల్ వెర్షన్ కావాలంటే ఫైర్‌ఫాక్స్. దాని మీద ఇంకో పోస్టుకు సరిపడా కోపం ఉంది, ఇవాళ వద్దు.

ఆ రాత్రి తర్వాత బాబాయి ఒక చీటీ రాసి లాప్‌టాప్ స్క్రీన్ అంచున అంటించుకున్నాడు. 1. ఎక్స్‌టెన్షన్ ఆపు. 2. ఫీజు కట్టు. 3. మళ్ళీ ఆన్ చెయ్యి. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. 2024 సంక్రాంతికి వెళ్ళి చూస్తే చీటీ అలాగే ఉంది, మూడో అంకె కింద రెండు గీతలు కూడా గీసి ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ మాత్రం తొమ్మిది నెలలుగా ఆపే ఉంది. నాలుగు డౌన్‌లోడ్ బటన్లూ తిరిగొచ్చేశాయి.