సమోసాలొచ్చాయి, జాగ్రత్త

ఉద్యోగుల్లో నమ్మకం పెంచే విద్యలో మా ఆఫీసు పెద్దలకు సాటి లేదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. పద్నాలుగేళ్లుగా హైటెక్ సిటీ టౌన్‌హాళ్లలో, అంటే పెద్దలు ఉద్యోగులందర్నీ కూర్చోబెట్టి మాట్లాడే మీటింగుల్లో, వెనక వరసలో కూర్చున్న అనుభవంతో చెబుతున్న మాట ఇది. వాళ్ల మాట మీద మాకెంత గురంటే, "పుకార్లు నమ్మకండి, ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదు" అని మెయిల్ వచ్చిన అరగంటలో మా ఫ్లోర్ మొత్తం రెజ్యూమేలు దుమ్ము దులిపింది. అప్పటిదాకా అసలు పుకారే లేదు. గుమ్మడికాయ దొంగ సామెత వాళ్లకెవరూ చెప్పినట్టు లేరు.

వార్త ఎంత చేదైతే పలకరింపు అంత తియ్యగా ఉండాలన్నది ఈ విద్యలో తొలి పాఠం. 2014 జులైలో మైక్రోసాఫ్ట్‌లో ఫోన్ల విభాగం పెద్ద స్టీఫెన్ ఎలాప్ రాసిన మెయిల్ అందుకు గీటురాయి. "హలో దేర్" అంటూ మొదలై, ఫోన్ల వ్యూహమంతా విడమరిచి, పేరాలకు పేరాలు దాటాక ఎక్కడో 12,500 మందికి కోత పడుతుందన్న సంగతి బయటపడుతుంది. ఓపిగ్గా చదివినవాడికే తన ఉద్యోగం పోయే సంగతి తెలిసే ఏర్పాటన్నమాట.

అంత ఓపిక లేని పెద్దలూ ఉన్నారు. 2021 డిసెంబరులో అమెరికాలో ఇంటి లోన్లిచ్చే బెటర్ డాట్ కామ్ అధిపతి విశాల్ గర్గ్ దాదాపు 900 మందిని జూమ్ కాల్‌కి పిలిచి, ఈ కాల్‌లో ఉన్నవాళ్లంతా దురదృష్టవంతులు, మీ ఉద్యోగాలు ఈ క్షణంతో సరి అని చెప్పేశారు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ప్రపంచమంతా తిట్టిపోసింది. (తిట్టాల్సిందే. కానీ డొంకతిరుగుడు లేకుండా విషయం చెప్పినందుకు ఆయనకో అర మార్కు వెయ్యాలని నాకు లోలోపల ఉంది.)

మన ఊళ్లో పైవాళ్లు అంకెలతో సహా విషయం రాసిన ఉత్తరమంటే నాకు ఒక్కటే గుర్తుకొస్తుంది. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు రాసింది. ఖాతాల్లో చూపించిన 5,040 కోట్లు అసలు లేవని, తన పని పులి మీద స్వారీలా తయారైందని అందులో ఒప్పుకున్నారు. అదీ బోర్డుకి రాసుకున్నారు. వేలమంది ఉద్యోగులు టీవీలో చూసి తెలుసుకున్నారు.

ఇక మా సంగతి. మొన్న గురువారం నాలుగింటికి టౌన్‌హాల్ అన్నారు. వెళ్తే సమోసాలు! బిస్కెట్ ప్యాకెట్టుకి రెండు అప్రూవల్స్ అడిగే కంపెనీ వేడివేడి సమోసా చేతిలో పెడితే ఎవడికి మింగుడుపడుతుంది? సార్ నలభై నిమిషాలు మాట్లాడారు. "ప్రయాణం" అనే మాట పదకొండుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. ఎక్కడికో, టికెట్లు ఎందరికో చెప్పలేదు. మనమంతా ఒక కుటుంబం అని మాత్రం గట్టిగా చెప్పారు. ఆ మాటకి పక్క సీటు కుర్రాడు టెన్షన్‌తో సమోసా కింద పెట్టేశాడు. చివర్లో ప్రశ్నలడగండి, పేర్లు రహస్యం అంటూ ఒక ఫారం పంపారు. తెరిస్తే పైన నా మెయిల్ ఐడీ, పక్కన నా ఫొటో. పార్కింగ్ స్టిక్కర్లు ఎప్పుడిస్తారని అడిగి గౌరవం నిలబెట్టుకున్నాను.

బయటికొచ్చి గేటు పక్కన చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. బండాయనకి మైకు లేదు, స్లైడ్లు లేవు. క్యాబ్ డ్రైవర్లూ క్యాంటీన్ కుర్రాళ్లూ అక్కడే చాయ్ తాగుతారు, అంతే.

"వచ్చే నెల నుంచి క్యాంటీన్ల రెండొందల ప్లేట్లు తక్కువ చెప్పిన్రంట సార్," అన్నాడు గ్లాసులు కడుగుతూ. "ఉప్పల్ క్యాబ్ గూడ బంద్ అంట. మీదే రూటు?"

"ఉప్పలే."

ఇంకేం అనలేదు. పది రూపాయలు తీసి ఇవ్వబోతే, "ఉండనీ సార్," అన్నాడు.