కాలిపోతూ షేక్‌హ్యాండ్: పింక్ ఫ్లాయిడ్ కవర్ బొమ్మలో ఉన్నదేంటి?

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 1975లో తెచ్చిన 'విష్ యు వర్ హియర్' ఆల్బమ్ గురించి ఎవరు రాసినా, మనసు చెదిరి 1968లో బ్యాండ్‌కి దూరమైన తొలి గాయకుడు సిడ్ బ్యారెట్‌కి నివాళి అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది నిజమే గానీ సగమే నిజం. వెళ్లిపోయినవాడి గురించి ఎంత ఉందో, ఎదురుగా ఉండి కూడా లేనివాళ్ల గురించి అంతే ఉంది ఇందులో. మనిషిక్కడ, మనసెక్కడో అంటాం చూడండి, అదీ దీని కథ.

1973లో 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' విపరీతంగా అమ్ముడుపోయింది, పేరూ డబ్బూ వచ్చేశాయి, ఇంక తర్వాతేం చెయ్యాలో నలుగురికీ తోచలేదు. ఇంట్లో సామాన్లతోనే ఆల్బమ్ చేద్దామని రబ్బరు బ్యాండ్లు, వైన్ గ్లాసులు ముందేసుకుని కొన్నాళ్లు కుస్తీ పట్టి వదిలేశారు. గ్లాసు అంచు మీద తడి వేలు తిప్పితే సన్నగా ఒక మోత వస్తుంది కదా, అదొక్కటి మిగిలింది, 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్' మొదట్లో కీబోర్డు వెనకాల వినిపించేది అదే. బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ గిటార్ మీద తగిలిన నాలుగు నోట్లు విని, పాటలు రాసే బేసిస్టు రోజర్ వాటర్స్‌కి సిడ్ గుర్తొచ్చాడు, పాట అక్కణ్నుంచి పెరిగింది. దాన్ని రెండు ముక్కలు చేసి ఆల్బమ్‌కి ఆ చివరొకటి ఈ చివరొకటి పెడదామన్నాడు వాటర్స్. గిల్మర్ ఒప్పుకోలేదు, కానీ నాకైతే వాటర్సే కరెక్టనిపిస్తుంది, ఎందుకంటే మధ్యలో మ్యూజిక్ కంపెనీల మీద కోపంతో రాసిన పాటలు కూడా ఆ దుఃఖంలోనే భాగమైపోయాయి.

1975 జూన్‌లో లండన్ అబ్బే రోడ్ స్టూడియోలో పని నడుస్తుంటే ఒకాయన లోపలికొచ్చాడు. బాగా లావుగా, గుండుతో, కనుబొమ్మలు కూడా గీసేసుకుని ఉన్నాడు. సిడ్ అని కాసేపటిదాకా ఎవరికీ తెలీలేదు. ఎవరి కోసం పాట కట్టారో ఆ మనిషే ఎదురుగా నిలబడితే పోల్చుకోలేకపోయారు. ఇది చదివిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది.

కవర్ చేసింది హిప్నోసిస్ సంస్థ, అంటే స్టార్మ్ థోర్గర్సన్, ఆబ్రీ పావెల్. కాలిఫోర్నియా బర్బ్యాంక్‌లో వార్నర్ బ్రదర్స్ స్టూడియో ఆవరణలో ఇద్దరు స్టంట్‌మెన్ షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటుంటే ఒకరికి నిజంగానే నిప్పంటించారు, అప్పట్లో కంప్యూటర్ మాయలెక్కడివి! నిప్పంటించుకున్న రాన్నీ రాండెల్ సూటు కింద మంటలు తట్టుకునే ఇంకో సూటు ఉంది, అయినా గాలి తిరగబడి మీసం కాలింది. ఇండస్ట్రీలో మోసపోవడాన్ని ఇంగ్లిష్‌లో కాలడం అనే అంటారు, ఆ మాటనే బొమ్మ చేశారు. మనక్కూడా చేతులు కాల్చుకోవడం ఉంది కాబట్టి తెలుగువాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. చెయ్యి కలిపిన రెండోవాడు మామూలుగానే నిలబడి ఉంటాడు చూడండి, నాకు మంటకన్నా అదే ఎక్కువ భయం వేస్తుంది.

లోపలి బొమ్మల్లో కాలిఫోర్నియాలోని మోనో లేక్ అనే సరస్సులో తలకిందులుగా మునిగిన మనిషి ఒకడు, చుట్టూ నీళ్లు మాత్రం చెక్కుచెదరవు. ఆ మనిషి నీళ్లలో తలకిందులుగా ఊపిరి బిగబట్టి అలలు తగ్గేదాకా అలాగే ఉన్నాడు. ఇంత కష్టపడి తీసిన కవర్‌ని మళ్లీ నల్ల ప్లాస్టిక్‌లో చుట్టేసి, పైన జార్జ్ హార్డీ గీసిన రెండు మరచేతుల స్టిక్కర్ మాత్రం అంటించి అమ్మారు. కొన్నవాడికి కూడా బొమ్మ కనపడకూడదు, లేకపోవడం అంటే ఏంటో వాడి చేతికే తెలియాలి. కొంతమంది అంచు కోసి రికార్డు మాత్రం తీసుకుని ప్లాస్టిక్ చింపకుండా అలాగే దాచుకున్నారు కూడా. ఇప్పుడు ఫోన్లో వేలి గోరంత బొమ్మ నొక్కి పాట పెట్టుకుంటున్నాం, నేనూ అంతే, కానీ ఆ చింపడం పోయాక ఆల్బమ్‌లో ఒక పాట తగ్గినట్టే ఉంటుంది నాకు.

వినేవాళ్లు 'షైన్ ఆన్' చివరి ముక్క దగ్గర స్కిప్ కొట్టకండి. అంతా సద్దుమణిగిపోతున్నప్పుడు రిక్ రైట్ కీబోర్డు మీద సిడ్ 1967లో రాసిన 'సీ ఎమిలీ ప్లే' ట్యూన్ లీలగా వాయిస్తాడు, సౌండ్ పెంచితేనే తెలుస్తుంది.