ఎనిమిది ఉండలు, ఒక గిన్నె గంజి

చలికాలం ఆదివారం. జర్మనీలో థురింగియా వైపు ఒక వంటిల్లు. ఓవెన్‌లో బాతు ఎర్రగా కాలింది, ఎర్ర క్యాబేజీ మగ్గింది, అత్తగారు బల్ల ముందు కూర్చున్నారు. గిన్నెలో వేసిన ఎనిమిది బంగాళాదుంప ఉండలు మాత్రం ఆచూకీ లేవు. మూత తీస్తే చిక్కటి గంజి, పైన తేలుతున్న వేయించిన బ్రెడ్డు ముక్కలు. ఉండల కడుపులో ఉండాల్సినవే అవి!

మొదటి ముద్దాయి దుంప. సలాడ్‌కి పనికొచ్చే గట్టి రకం ఇక్కడ కుదరదు, పిండిపిండిగా ఉడికేదే కావాలి. రెండు కిలోలు తీసుకుంటే మూడింట రెండు వంతులు పచ్చివి తురిమి, మిగతావి ఉడికించాలి. పచ్చి తురుమును గుడ్డసంచిలో వేసి పొడిపొడిగా రాలేదాకా పిండాలి. సగం పిండి “ఇక చాల్లే” అన్నవాళ్లందరి ఇంట్లోనూ ఆ రోజు గంజే.

అసలు ఘోరం సింకు దగ్గర జరుగుతుంది. పిండిన నీళ్లను పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున తెల్లగా, గట్టిగా పిండి పేరుకుంటుంది. పైన తేట వంచేసి, ఆ పిండిని గోకి తురుములో కలపాలి. ఉండను పట్టి ఉంచేది అదే. శుభ్రత ఎక్కువైన మొగుడుగారు గిన్నె ఖాళీ చేసి, కడిగి, బోర్లించి పెడతారు. కష్టమంతా అక్షరాలా నీళ్లపాలు.

ఉడికిన దుంపల్ని మెదిపి, పలచగా చేసి, కుతకుతలాడుతుండగానే తురుము మీద పోసి తెడ్డుతో బాదాలి. ఆ వేడికే పచ్చి పిండి జిగురు పడుతుంది. గోరువెచ్చగా పోస్తే ఎంత బాదినా చేతులు నొప్పి తప్ప ఫలితం ఉండదు.

తర్వాత తడిచేత్తో ఉండ చేసి, మధ్యలో వెన్నలో వేయించిన బ్రెడ్డు ముక్కలు రెండు మూడు కూరి, ఉప్పునీళ్లలో దాదాపు ఇరవై నిమిషాలు ఉంచాలి. నీళ్లు తెర్లకూడదు, ఊరికే వణకాలి. “త్వరగా ఉడుకుతాయి” అని మంట పెంచి మూత బిగించిన మహానుభావులు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ముందు ఒక్క ఉండ వేసి చూడమనేది అందుకే. అది విచ్చుకుంటే మిగతా ముద్దలో రెండు చెంచాల బంగాళాదుంప పిండి కలిపి నిలబెట్టొచ్చు.

ఆ పిండి ఇంట్లో లేకపోతే? ఆదివారం అక్కడ దుకాణాలు మూత. అందుకే అనుభవజ్ఞులు శనివారమే రెడీమేడ్ ముద్ద ప్యాకెట్ ఒకటి ఫ్రిజ్‌లో వెనక్కి తోసి ఉంచుతారు. ఉండలు చేసేశాక కవర్ని దుంప తొక్కల కింద పూడ్చేస్తే సరి. “ఈసారి కుదిరాయమ్మా” అని అత్తగారు అంటే తలొంచుకుని సిగ్గుపడాలి.